నదికి కొలత ఉంది, డ్రెయిన్‌కి ఏదీ?

వరద రోజుల్లో భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో లంక రైతు కూడా గంటగంటకూ చెప్పగలడు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మనకు కంఠతా వచ్చు.

ఈ కబురు ఊరికే రావడం లేదు. గోదావరి మీదా, ఉపనదుల మీదా కేంద్ర జలసంఘం కొలత కేంద్రాలు పెట్టింది. సెల్ సిగ్నల్ అందని అడవిలోనైనా నీటిమట్టం కొలిచే సెన్సర్, ఒక సోలార్ పలక, చిన్న యాంటెన్నా ఉంటే చాలు, లెక్క ఉపగ్రహం ద్వారా ఆఫీసుకు చేరుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నది 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయింది. 1986 తర్వాత భద్రాచలం దగ్గర నది అంత ఎత్తుకు రావడం మనం చూడలేదు. అయినా నీరు మన దాకా రాకముందే కబురు వచ్చింది. పశువుల్ని గట్టు మీదికి తోలుకున్నాం.

కానీ మన చేలు మునిగేది గోదారి పొంగినప్పుడే కాదు. నాలుగు రోజులు ముసురు పట్టి డ్రెయిన్ లాగకపోతే చాలు, ఊడ్చిన చేను కుళ్లిపోతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా కారణమే. ఇక దాళ్వాలో మొగల నుంచి పోటు నీరు ఎగదన్నుతుంది. ఆక్వా చెరువుల ఉప్పునీరూ డ్రెయిన్లలోకే వస్తుంది. శివారు రైతు ఆ నీటిని నాలుక మీద వేసుకుని చూసి చేలోకి తోడుకోవాలి. లేదా ఆకు కొసలు మాడాక తెలుసుకోవాలి. నీటిలో ఉప్పును కొలిచే సెన్సర్ ఉంటే ఆ కబురు ముందే అందుతుంది.

అసలు దెబ్బ నష్టం రాసేటప్పుడు తగులుతుంది. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. రాసేవాళ్లు వచ్చేది నీరు తీశాక. చేను ఎన్నాళ్లు నీళ్లలో ఉందో చెప్పడానికి రైతు మాట తప్ప రుజువు లేదు. చేతిలో కాగితం లేని కౌలు రైతు మాటకైతే ఆ విలువా లేదు. డ్రెయిన్ మట్టం రోజువారీ లెక్కల్లో ఉంటే అదే మన సాక్షి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సెన్సర్ గుర్రపుడెక్క తీయదు, పూడిక తవ్వదు, తుప్పు పట్టిన షట్టర్ ఎత్తదు. పరికరం పెట్టాం కదా అని తవ్వకం పనులు ఎగ్గొడితే ఒప్పుకోం. లెక్కలు ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోయినా ఒప్పుకోం.

మన డిమాండ్లు ఇవి. మేజర్ డ్రెయిన్ల మీదా, మొగల దగ్గరా నీటిమట్టం, ఉప్పు కొలిచే పరికరాలు పెట్టాలి. సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా కబురు పంపాలి. ఆ లెక్కలు రోజూ రైతు సేవా కేంద్రం బోర్డు మీద తెలుగులో రాయాలి. పంట నష్టానికి వాటిని రుజువుగా తీసుకోవాలి. వాటిని చూసుకోవడానికి ఊరి కుర్రాడికే జీతమిచ్చి పని అప్పగించాలి. లేకపోతే ఏడాదికే అవి పాత ఇనుము అవుతాయి.

అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి గ్రామ శాఖా ఈ సార్వాకే డ్రెయిన్ వంతెన స్తంభం మీద అడుగులూ అంగుళాలూ రంగుతో గీయించాలి. పొద్దున్నే ఒకరు చూసి తేదీ వేసి పుస్తకంలో రాయాలి. రేపు అధికారి ముందు మన తరఫున ఆ పుస్తకమే మాట్లాడుతుంది.