అమ్మీకి చాయ్ పార్సలేనా?



పోయిన నెల మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో లండన్ నుంచి ఒక ఫొటో వచ్చింది. బంధువుల కోడలు అక్కడి పాతకాలపు టీ రూమ్‌లో కూర్చుంది. ముందు పూలపూల కప్పులు, కేట్లీ, మూడంతస్తుల ప్లేటు, అందులో స్కోన్లు, మీగడ, జామ్. తల మీద హిజాబ్, మొహం నిండా నవ్వు. గ్రూపులో ఒకటే మాషా అల్లాహ్‌లు. మా మామూ ఒకాయన "క్యా తహజీబ్ హై!" అని రాశారు.

వారం తిరగలేదు. అదే ఖాందాన్‌లో డిగ్రీ చదివే పిల్ల పరీక్ష రాసి వస్తూ, తొర్రూరులో ఇద్దరు సహేలీలతో రోడ్డు పక్క హోటల్లో కూర్చొని చాయ్ తాగింది. నెల్లికుదురులో బస్సు దిగేలోపే వాళ్ల అబ్బాకు మూడు ఫోన్లు. "మీ పిల్ల హోటల్ల కూసున్నది." ఆ రాత్రి ఆ ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద ఎవరికీ ముద్ద దిగలేదు. ఫోన్ చేసినవాళ్లలో ఆ మామూ కూడా ఉన్నారు.

లండన్‌లో తాగితే తహజీబ్, తొర్రూరులో తాగితే బేఇజ్జతీ. ఇదెక్కడి ఇన్సాఫ్ భాయ్?

మీరు ముచ్చటపడే ఆ టీ రూమ్ ఎట్లా పుట్టిందో కాస్త చూడండి. ఒకప్పుడు లండన్‌లో షరీఫ్ ఇంటి ఆడది ఒంటరిగా బయట కూర్చొని తినడానికి, తాగడానికి జాగా లేదు. మగాళ్లకు పబ్బులు, క్లబ్బులు ఉండేవి. ఆడవాళ్లు అక్కడికి పోతే నలుగురూ నాలుగు మాటలు. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ అనే రొట్టెల కంపెనీ తన దుకాణంలో చాయ్ పోయడం మొదలుపెట్టింది. అక్కడ మేనేజర్‌గా ఉన్న ఒక ఆడమనిషి సలహాతోనే ఇది మొదలైందని చెప్తారు. 1894లో లయన్స్ వాళ్లు పికడిల్లీలో తమ మొదటి టీ షాపు తెరిచారు. తర్వాత ఊరంతా పెట్టారు. చవక ధర, శుభ్రమైన బల్ల, తోడు మగాడెవరని అడిగే దిక్కు లేదు. ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలు దర్జాగా కూర్చున్నారు. ఓటు హక్కు కోసం కొట్లాడిన ఆడవాళ్లు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని ఆలన్స్ టీ రూమ్స్‌లో మీటింగులు పెట్టుకున్నారు.

అంగ్రేజులను నెత్తిన పెట్టుకోమని కాదు నేను చెప్పేది. ఆ కప్పుల్లో అస్సాం తోటల కూలీల చెమట ఉంది, అది మరిచిపోను. కానీ ఆ టీ రూమ్ ఖూబీ స్కోన్లలో లేదు. ఆడమనిషి తన పైసలతో, తన ఇష్టంతో, తల ఎత్తి కూర్చోగలగడంలో ఉంది. మనం ఫొటోలో ప్లేటు చూశాం, కుర్చీ చూడలేదు.

ఇక మన దగ్గరికి రండి. ఇరానీ హోటళ్లంటే మనకు ఎంత ఫఖర్! పాలరాతి బల్లలు, గంటల తరబడి దమ్ మీద మరిగే డికాక్షన్, విడిగా కాగి చిక్కబడ్డ పాలు, ఉస్మానియా బిస్కెట్. అబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూమ్ మొహియుద్దీన్ లాంటి షాయర్లు కూర్చొని గుఫ్తగూ చేసిన కథలు చెప్పుకొని మురిసిపోతాం. 1950ల నుంచీ జీలానీ బానో అదే హైదరాబాద్‌లో ఉర్దూ కథలు రాశారు. మరి ఆ హోటల్ కథల్లో ఆడవాళ్ల పేర్లు ఎన్ని విన్నాం? వాళ్లకు ఉన్నదల్లా వెనక మూల పర్దా వేసిన ఫ్యామిలీ క్యాబిన్. అందులో కూర్చోవాలన్నా పక్కన శోహరో, భాయో ఉండాలి.

మా ఊళ్లో ఆ క్యాబిన్ కూడా లేదు. నా చిన్నప్పుడు మా అమ్మీకి తలనొప్పి లేస్తే నన్ను హోటల్‌కు తోలేది. నేను గిన్నె పట్టుకొని పోయి చాయ్ పోయించుకొని, ఒలకకుండా గోడ వెంబడి నడిచి వచ్చేవాణ్ణి. తర్వాత ఫ్లాస్క్ వచ్చింది. ఇప్పుడు ప్లాస్టిక్ కవర్‌కు దారం కట్టి ఇస్తున్నారు. గిన్నె మారింది, రివాజ్ మారలేదు. ఆ హోటల్ చాయ్‌ని అమ్మీ వేడివేడిగా ఒక్కసారీ తాగలేదు. నేనేమో అదే హోటల్లో పేపర్ చదువుతూ, రాజకీయాలు మాట్లాడుతూ జర్నలిస్టునైపోయాను.

"పర్దా ఏం కావాలి?" అంటారు కొందరు. మా అమ్మీ బుర్ఖా వేసుకొని కేసముద్రం మార్కెట్‌కు పోయింది. ఉర్సుకు పోయింది. సర్కారు దవాఖానాలో మగాళ్ల మధ్య చీటీ పట్టుకొని నిలబడింది. అప్పుడు ఎవరి గైరత్‌కూ దెబ్బ తగల్లేదు. ఆమె కష్టపడితే ఫరక్ పడదు, కూర్చుంటేనే పడుతుంది. హజ్రత్ ఖదీజా తిజారత్ చేశారని బయాన్‌లలో గర్వంగా చెప్పే నోళ్లే ఇంటి పిల్ల చాయ్ తాగితే ఫోన్లు చేస్తాయి.

"హైదరాబాద్‌లో ఇప్పుడు ఫ్యామిలీలన్నీ కేఫ్‌లకు పోతున్నాయి కదా" అంటారు ఇంకొందరు. పోతున్నాయి, సంతోషం. ఏసీ కేఫ్‌లో వందలు పెట్టగలిగిన వాళ్ల ఆడవాళ్లకు కుర్చీ దొరికింది. కూలికి పోయొచ్చే ఖాలాకు, కుట్టుమిషన్ తొక్కే ఆపాకు పది రూపాయల చాయ్ దగ్గర కుర్చీ ఎప్పుడు దొరుకుతుంది?

హోటల్ నడిపే భాయ్‌లకు నా గుజారిష్: పర్దా క్యాబిన్ వద్దు. ముందు వరసలో, ఫ్యాన్ కింద ఒక శుభ్రమైన బల్ల చాలు. లోపల బాత్రూమ్‌కు గొళ్లెం పడేటట్టు చూడండి. గుడ్లప్పగించి చూసే గిరాకీని ఒక్క మాట అనండి. ఇంటి మగాళ్లకు గుజారిష్: ఎవరి పిల్ల ఎక్కడ కూర్చుందో ఫోన్లు చేయడం మానండి. మీ అమ్మీనో, బీవీనో ఒకసారి అడిగి చూడండి, హోటల్లో కూర్చొని చాయ్ తాగావా అని.

నేను అడిగాను, నలభై దాటాక. అమ్మీ నవ్వి, "ఇప్పుడు ఎందుకు రా బేటా, షుగర్ వచ్చింది" అంది.

చక్కెర లేని చాయ్ కూడా పోస్తారు అమ్మీ. ఈ ఇత్వార్ అసర్ తర్వాత మనిద్దరం పోతున్నాం. ఫోన్ చేసేవాళ్లు నాకే చేయండి.