ఇరవై రెండేళ్ళ కారు, డెబ్భై నాలుగేళ్ళ చోదకుడు

రక్తపోటు, మధుమేహం, కీళ్ళవాతం వంటి విషయాలను ఇక్కడ చదవడానికి అలవాటుపడిన పాఠకులకు ఈసారి నేను కారు గురించి వ్రాయడం వింతగా తోచవచ్చు. అయితే నాతోపాటు పదవీవిరమణ చేసిన మిత్రులు ఇటీవల నన్ను అడుగుతున్న ప్రశ్నల్లో మోకాలి మార్పిడి శస్త్రచికిత్స తరువాతి స్థానం ఈ ప్రశ్నదే: "డాక్టర్ గారూ, మా పాత కారును ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?" దీనికి నా దగ్గర ఒక అభిప్రాయం ఉంది. అది కేవలం యంత్రానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది కూడా.

మా ఇంట్లో ఉన్నది మారుతి ఎస్టీమ్. 2003లో, ఇంకా ఉద్యోగంలో ఉండగా కొన్నాను. ఆ నమూనా తయారీ 2007లోనే ఆగిపోయింది. మన ఉమ్మడి జిల్లాలోని పెనుకొండ వద్ద 2019 నుండి కియా కర్మాగారంలో కొత్త కార్లు తయారై రహదారి మీదికి వస్తుంటే, ఈ ముసలి బండిని ఎందుకు పట్టుకు వేలాడుతున్నావని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ప్రతి పండుగకూ అడుగుతూనే ఉంటాడు. "పదిహేనేళ్ళు దాటిన బండి నడపడం నేరం నాన్నా" అని కూడా ఒకసారి బెదిరించాడు. అది ఢిల్లీ ప్రాంతపు పెట్రోలు వాహనాలకు సంబంధించి వచ్చిన నిషేధం. మనకు వర్తించేది మోటారు వాహనాల చట్టం. దాని ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది, ఆపైన తనిఖీ చేయించుకొని అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవచ్చు. మాది 2018లో ఒకసారి, 2023లో ఒకసారి పునరుద్ధరణ జరిగింది. రెండవసారికి రుసుము అయిదు వేల రూపాయలయింది. కాబట్టి చట్టం దృష్టిలో మా కారు బ్రతికే ఉన్నది.

ఇంజను గుండె వంటిది, రేడియేటరు మూత్రపిండం వంటిది అంటూ వైద్యులు చెప్పే పోలికలు నాకు అంతగా నచ్చవు. కారులో పాడైన భాగాన్ని విప్పి బల్లమీద పెట్టి, కొత్తది బిగించి, సాయంత్రానికి ఇంటికి తీసుకుపోవచ్చు. మన శరీరంతో అది కుదిరే పని కాదు. కానీ ఒక విషయంలో మాత్రం రెండూ ఒకటే. ఈ నేల, ఈ నీరు, ఈ ఎండ రెంటినీ ఒకే తీరున తింటాయి.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో, మిట్టమధ్యాహ్నం, కళ్యాణదుర్గం వైపు పెళ్ళికి పోతున్నాము. ఆత్మకూరు దాటిన తరువాత ఉష్ణోగ్రత సూచించే ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. చల్లదనపు యంత్రాన్ని ఆపి, బండిని వేపచెట్టు కింద నిలిపాను. బానెట్ లేపగానే సహాయానికి వచ్చిన ఒక కుర్రవాడు తువాలు చేతికి చుట్టుకొని రేడియేటరు మూత తిప్పబోయాడు. నేను అరిచిన అరుపుకు అతడు బెదిరిపోయాడు. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీరు ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత సడలించిన క్షణంలో అది ఆవిరిగా మారి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. అలా కాలిన ముఖాలకూ, కళ్ళకూ నా సర్వీసులో కట్లు కట్టినవాడిని. ఇంజను పూర్తిగా చల్లారేవరకు, అనగా కనీసం అరగంటకు పైగా, ఆ మూత జోలికి పోరాదు. పెళ్ళి ముహూర్తం దాటిపోతే పోనివ్వండి. మాకు దాటిపోయింది.

మరునాడు మేస్త్రీ రేడియేటరు విప్పి చూపించాడు. సన్నని గొట్టాలలో సగం తెల్లని సున్నపు పొరతో మూసుకుపోయి ఉన్నాయి. "సార్, నీళ్ళు యాడివి పోస్తాండారు?" అని అడిగాడు.

"ఇంట్లో బోరు నీళ్ళే కదప్పా."

"అదే సార్ తెగులు. మన పండ్లనే తిన్న నీళ్ళు, రేకును ఇడుస్తాయా?"

అతని శాస్త్రంలో చిన్న పొరపాటున్నది. పళ్ళను గారపట్టించి, ఎముకలను వంకరచేసేది నీటిలోని ఫ్లోరైడు. రేడియేటరులో పొర కట్టేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అయినా రెండూ వచ్చేది ఒకే బోరులోనుంచి. ఈ జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ రోగులను చూస్తూ, బోరునీరు తాగవద్దని వేలమందికి చెప్పిన నేను, అదే నీటిని పదిహేనేళ్ళపాటు కారుకు తాగించాను. ఇప్పుడు శుద్ధజలంతో కలిపిన కూలెంటు మాత్రమే పోయిస్తున్నాను. ఆ కూలెంటు విషయంలో వైద్యునిగా ఒక హెచ్చరిక: అందులోని ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మిగిలినదాన్ని శీతలపానీయపు సీసాలో పోసి గూటిలో పెట్టే అలవాటు వెంటనే మానాలి. ఇంట్లో మనుమలుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. పదవీవిరమణ చేసినవారి కార్లు తిరిగి అరగవు, నిలబడి చెడతాయి. మా బండి ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. "తక్కువ తిరిగిన బండి, కొత్తదానిలాగే ఉంది" అని మనం మురిసిపోతాము. అది భ్రమ. మీటరు మీది కిలోమీటర్లను కాక క్యాలెండరులోని సంవత్సరాలను లెక్కపెట్టవలసిన వయసు మన బండ్లది.

టైర్లనే తీసుకోండి. గాడులు లోతుగా ఉన్నాయి కాబట్టి టైరు బాగున్నదనుకుంటాము. కాని మన ఎండకు రబ్బరు గట్టిపడి, పక్కలలో సన్నని బీటలు వారుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం ఇరవై మూడవ వారంలో తయారైనదని అర్థం. ఇది చదివిన తరువాత ఒకసారి లేచి వెళ్ళి చూడండి. నా మిత్రుడొకరు అలా చూసినప్పుడు స్టెప్నీ వయసు పద్నాలుగేళ్ళని తేలింది. ఆరేడేళ్ళు దాటిన టైరుతో మే నెలలో 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదుకో బెంగళూరుకో బయలుదేరడం, ఛాతీనొప్పిని గ్యాసు అనుకొని పడుకోవడం వంటిది. వేసవిలో గాలి తగ్గిస్తే టైరు పగలదనే నమ్మకం కూడా మన ప్రాంతంలో బలంగా ఉంది. నిజం దానికి వ్యతిరేకం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి, ఎక్కువగా వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన పౌండ్ల గాలిని ఉదయాన్నే, బండి తిరగకముందు పట్టించాలి. తరువాత ఎండకు ఒకటి రెండు పౌండ్లు పెరగడం సహజమే, దానిని తీసివేయనక్కరలేదు.

బ్రేకు ద్రవం కూడా అంతే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సాధారణ డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన తరువాత 140 డిగ్రీలకే మరగవచ్చు. హార్స్‌లీ కొండ దిగేటప్పుడు అది మరిగితే పెడలు నేలకు అంటుకుంటుంది, బండి ఆగదు. రెండేళ్ళకొకసారి మార్పించడానికి అయ్యే ఖర్చు, మనం సీటు కవర్లకు పెట్టేదానితో పోలిస్తే చాలా స్వల్పం. ఇంజనులోని టైమింగ్ బెల్టు, రబ్బరు గొట్టాలు కూడా కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా కాలాన్ని బట్టి మార్చవలసినవే. గాలి వడపోతను మాత్రం మన దుమ్ముకు పుస్తకంలో చెప్పినదానికంటె ముందే మార్చాలి. ఆషాఢమాసపు పడమటి గాలిలో తిరిగిన బండి వడపోతను తట్టి చూడండి, తెలుస్తుంది.

మా కారులో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ బ్రేకులు లేవు. కార్లన్నింటికీ ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేసినది 2019లోనే. ఎంత మరమ్మతు చేయించినా పాత బండికి ఇవి రావు, ఈ లోపాన్ని దాచిపెట్టి పాత కారును పొగడడం నిజాయితీ కాదు. నేను చేయగలిగినవి రెండే: వేగం తగ్గించడం, బెల్టు పెట్టుకోవడం. ఎండకు పోగులు పోయిన ముందు సీట్ల బెల్టులను మార్పించాను, వెనుక కూర్చునేవారికి కూడా పెట్టిస్తున్నాను. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు ఆయన ప్రయాణించినది ఖరీదైన ఆధునిక వాహనమే. వెనుక సీటులో ఉన్న ఆయన బెల్టు ధరించలేదని పోలీసులు తెలిపారు.

సైలెన్సరు గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే శబ్దమే కదా అని ఊరుకోకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ప్రయాణంలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వస్తే అజీర్తి అనుకోక, అద్దాలు దించి బయటికి రండి. బండి నిలిపి, ఇంజను నడుపుతూ, అద్దాలు బిగించుకొని నిద్రపోవడం ఎంతమాత్రం తగదు. పెట్రోలును గొట్టంతో నోటితో పీల్చి తీయడం మరొక ప్రమాదం. కొద్ది చుక్కలు ఊపిరితిత్తులలోకి జారినా న్యుమోనియా వస్తుంది. మింగినవారిచేత బలవంతంగా వాంతి చేయించరాదు, అది మరింత ముప్పు. మా మేస్త్రీ కుర్రవాళ్ళు ఇంకా పాత ఇంజను ఆయిలుతోనే చేతులు కడుగుతూ కనిపిస్తారు. చర్మవ్యాధులు వస్తాయని, క్యాన్సరు ముప్పు కూడా ఉన్నదని చెబితే నవ్వుతారు. చేతి తొడుగులు కొనిచ్చాను, షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి.

ఇంతవరకు బండి సంగతి. నడిపేవాడి సంగతి ఎవరు తనిఖీ చేస్తారు? నలభై ఏళ్ళు దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు ఫారం 1-ఎ మీద వైద్యుని సంతకం తేవాలి. ఉద్యోగంలో ఉండగా అటువంటి ఫారాలపై నేను చాలా సంతకాలు చేశాను. ఓపీలో వరుస బయటి వరండా దాకా ఉన్న రోజుల్లో, "చూపు బాగుందా?" అని అడిగి, "బాగుంది సార్" అనగానే సంతకం చేసిన సందర్భాలు లేకపోలేదు. వారిలో లారీ డ్రైవర్లు ఉన్నారు, శుక్లాలు ముదిరిన పెద్దవారూ ఉండవచ్చు. అది తప్పు. ఇప్పుడు ఒప్పుకోవడం వల్ల ఆ సంతకాలు చెరిగిపోవు. నా గత లైసెన్సు పునరుద్ధరణప్పుడు నాకంటె ముప్పై ఏళ్ళు చిన్నవాడైన వైద్యుడు, "మీకెందుకు సార్ పరీక్ష" అంటూ గౌరవంగా సంతకం చేసి ఇచ్చాడు. నేనూ తీసుకొని వచ్చాను.

చూపు పట్టీలో చివరి వరుస చదవగలిగినంత మాత్రాన సరిపోదు. పక్క చూపు తగ్గితే సందులోంచి వచ్చే సైకిలు కనబడదు, గ్లకోమాలో ఇది రోగికి తెలియకుండానే జరుగుతుంది. మెడ తిరగనివారు అద్దం మీదే ఆధారపడతారు. ఇన్సులిను తీసుకునేవారికి భోజనం ఆలస్యమైతే స్టీరింగు దగ్గరే చక్కెర పడిపోవచ్చు. జలుబుకు వేసుకునే మాత్ర, నిద్రకు వేసుకునే మాత్ర మరునాటి ఉదయం వరకు మగతను మిగల్చగలవు. బండికి అయిదేళ్ళకొకసారి తనిఖీ కోరే మనం, మనకు మాత్రం ఏడాదికొకసారైనా నిజమైన కంటి పరీక్ష వద్దనుకోవడంలో నాకు న్యాయం కనబడదు. కారును ఉంచుకోవాలా అని అడిగే మిత్రులకు నా సమాధానం ఇదే: టైర్లు, బ్రేకులు, బెల్టులు, గొట్టాలు కాలం ప్రకారం మార్పించే ఓపిక ఉంటే ఉంచుకోండి. రంగు, కవర్లు తరువాత చూసుకోవచ్చు. స్టీరింగు ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం వేరే ప్రశ్న.

గత నెలలో నేను చూపు విస్తృతి పరీక్ష చేయించుకున్నాను. ఎడమకంటిలో శుక్లం ఉన్నదన్నారు. ఎదుటి బండ్ల దీపాలు పువ్వుల్లా విచ్చుకొని కనబడుతున్నవి అందుకేనట. శస్త్రచికిత్స అయ్యేవరకు చీకటి పడిన తరువాత నడపరాదని నిర్ణయించుకొని, పక్కవీధిలోని ఒక డ్రైవరును పిలుచుకుంటున్నాము. మొదటిరోజు అతడు వచ్చి, సీటు జరుపుకొని, బెల్టు పెట్టుకొని, తాళం తిప్పేముందు అడిగాడు: "సార్, స్టెప్నీలో గాలి చూసినారా?"

చూడలేదు.