పెరట్లో కాస్త మన్ను మిగల్చండి

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు వాస్తు సంగతులు నన్నడుగుతుంటారు. తెలుగు పండితునికి వాస్తు, జ్యోతిషం కూడా తెలిసి ఉంటాయని మనవారి నమ్మకం. ఇంటి వెనుక నాలుగు గజాల నేలనైనా సిమెంటు పోయకుండా విడిచిపెట్టండని మాత్రం చెబుతాను. విని, తలూపి, ప్రహరీ దాకా బండలు పరిపించుకుంటారు. "బురద ఉండదు సార్, పురుగూ పుట్రా రావు" అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయినా నా వాదం నాకున్నది. ఎదుట కూర్చున్నవారికి రెండు మాటల్లో చెప్పలేకపోయినది ఇక్కడ కొంత విపులంగా వ్రాస్తున్నాను.

మా బాన్సువాడ నీళ్లున్న ఊరు. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని కాలువల చలువవల్ల ఈ ప్రాంతం వరికీ, చెరకుకూ పెట్టింది పేరయింది. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడిన తరువాత చెరకూ వెనుకబడి, ఇప్పుడు ఎటు చూసినా వరే. కంచంలోకి అన్నానికి కొదవలేదు. పక్కన కూర మాత్రం అంగడి నుండి రావలసిందే. మోకాలి లోతు దమ్ము చేసి నీరు నిలిపే మడిలో బెండ బ్రతకదు, వంగ బ్రతకదు. అందుకే మా వంటి ఆయకట్టు ఊళ్లలో కూరగాయలకు పెరడే చేను. ఆనిగెపు తీగ ఇంటికప్పు మీదికి పాకేది, స్నానాల గది నీళ్లు పారే చోట అరటి, దాని పక్కన పుంటికూర. ఆ పెరడు పోతే ఇంత నీరుండీ ఆకుకూర కట్టకు కూడా అంగడికి పోవలసి వస్తుంది. వచ్చింది కూడా.

డబ్బు లెక్కలు చెప్పి నేనెవరినీ ఒప్పించబోను. పందిరికి కర్రలు, తీగ, మన్ను, ఎరువు కలిపి చూస్తే మొదటి ఏడు పండిన బీరకాయ బాదంపప్పు కంటె ప్రియం. ఆ తోటలో దొరికే సంతోషం వేరు. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆనిగెపు పువ్వు మునిచీకటి వేళ తెల్లగా తెరచుకుంటే, దాన్ని వెదుక్కుంటూ రాత్రి తిరిగే రెక్కల పురుగులు వస్తాయి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చి ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా బడిగంట చప్పుడుకు లేచి కూర్చున్నవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత నా దినచర్యకు ఈ పూలే గంటలు. పూత పూసి రాలిపోతున్నదని చాలామంది బెంగపడుతుంటారు. ఈ జాతి తీగలకు మగపూలు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది. మగపువ్వు రాలడం దాని ధర్మం. పిందె ఉన్న పువ్వు కూడా రాలుతున్నదంటే తేనెటీగలు రావడం లేదని అర్థం. అప్పుడు మగపువ్వొకటి కోసి, రేకులు తీసివేసి, ఆడపువ్వు మధ్య మెల్లగా తాకించాలి. ఆ పెళ్లిపెద్దరికం చేసిన వారం రోజులకు పిందె వేలెడు సాగుతుంది. అది చూడడానికే నేను పొద్దున పెరట్లోకి పోతాను.

నా పక్షపాతమంతా చిక్కుడు మీద. నాటు చిక్కుడును మృగశిర కార్తెలో పెట్టినా, శ్రావణంలో పెట్టినా, పగళ్లు తగ్గి రాత్రులు పెరిగితే గాని పూయదు. పందిరి నిండా ఆకు అల్లుకుని పువ్వు కనిపించకపోతే కోపం వచ్చి పీకివేసినవారిని ఎరుగుదును. అమెరికాలో ఉన్న మనవారి ఇక్కట్టు ఇంకొక తీరు. అక్కడి వేసవి పగళ్లు మరీ దీర్ఘం కనుక పందిరి పచ్చగా నిండుతుంది. సెప్టెంబరులో పూత మొదలయ్యేసరికి చలి ముంచుకొచ్చి తీగ నల్లబడుతుంది. చామంతిదీ ఇదే స్వభావం. వ్యాపారానికి పెంచేవారు రాత్రిళ్లు తోటలో దీపాలు వెలిగించి దాని పూతను వాయిదా వేయిస్తారు. పగటి కొలత తెలిసిన ఈ చిక్కుడుకే మనవారు రథసప్తమి నాడు పెద్దపీట వేశారు. కాయలు గుచ్చి సూర్యునికి రథం కడతాము, ఆకులలో పరమాన్నం పెట్టి నివేదిస్తాము. ఏ శాస్త్రం చదివి ఈ పొత్తు కుదిర్చారో గాని, మాఘమాసంలో పందిరి కింద నిలబడితే అది ఎంత సహజమో కనబడుతుంది. పొద్దుతో నిమిత్తం లేకుండా కాసే పొట్టి రకాలు ఇప్పుడున్నవి. రైతుకు అవి మేలే. నా పెరటికి వద్దు.

ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలం ఒక తీరు, ఎండకాలం ఒక తీరు, చలికాలం ఒక తీరు వంటకాలు వడ్డిస్తాడని రాయలవారు వర్ణించారు. పాఠం చెప్పే రోజుల్లో ఇది కవి ఆహారప్రీతి అని దాటవేసేవారు కొందరు పండితులు. ఋతువును నాలుకతో గుర్తుపట్టే సమాజపు చిత్రం అది. టమాట పన్నెండు నెలలూ దొరికే అంగడిలో ఆ గుర్తు చెరిగిపోయింది. ఆ విష్ణుచిత్తుడు తోటమాలి కూడానన్నది మరువరాదు. పూమాలలు కట్టి స్వామికి అర్పించడమే ఆయన కైంకర్యం. (ఇక కరుణశ్రీగారి పుష్పవిలాపం పాఠం చెప్పిన రోజున, పూలెందుకు కోస్తున్నారని పిల్లలు నన్ను నిలదీసేవారు. దేవునికని తప్పించుకునేవాణ్ణి.)

పూల మాట వచ్చింది కనుక గునుగు గురించి చెప్పాలి. చేలలో తనంత తాను మొలిచే కలుపు అది. ఆడపడుచులకు మాత్రం బతుకమ్మకు ఆధారం. కలుపుమందుల ధాటికి చేలలో గునుగు పలుచబడింది. తంగేడు బీడుభూములలో ఉండేది, ఆ బీళ్లు ప్లాట్లయినవి. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసి, తంగేడును రాష్ట్ర పుష్పం చేశారు, సంతోషం. ఈలోగా ఆ పూలను బస్టాండు దగ్గర కట్టల లెక్కన కొనే స్థితికి వచ్చాము. ఎంగిలిపూల నాటికి ధర అడగడానికి కూడా భయం వేస్తుంది. గునుగు గింజ నల్లగా, ఆవగింజ కంటె సన్నగా మెరుస్తూ ఉంటుంది. తొలకరికి ఒక మూల చల్లితే చాలు, ఎరువు అడగదు. "సారు గడ్డి పెంచుతున్నాడు" అని మా వీధిలో నవ్వుకున్నారు. పండుగ నాడు ఆ ఇళ్ల ఆడపిల్లలే తట్టలు పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డారు.

విత్తనం సంగతి దీనికంటె గంభీరమైనది. అంగట్లో దొరికే పొట్లాలలో ఎక్కువభాగం సంకరజాతివి. వాటి కాయనుండి తీసిన గింజ మరుసటి ఏడు తల్లిని పోలదు, కనుక ఏటేటా కొనవలసిందే. 2010 ఫిబ్రవరి 9న బీటీ వంకాయను కేంద్రం నిలిపివేయడానికి ముందు ఏడు నగరాలలో ప్రజల వాదనలు విన్నారు. వాటిలో హైదరాబాదు ఒకటి. విత్తనం దాచుకునే, పంచుకునే హక్కు రైతుకున్నదని 2001 నాటి చట్టం చెబుతున్నది. అయితే దాచినదేదైనా ఉంటే గదా హక్కు! వెనుకటి ఇళ్లలో ఎండిన బీరకాయ దూలానికి వేలాడుతుండేది. చిక్కుడు గింజలు బూడిద కలిపి కుండలో పోసేవారు. పేరులేని వంగ రకాలు, ముళ్లవి, చారలవి, ఒక వీధినుండి ఇంకొక వీధికి కొంగులో ముడివేసుకుని నడిచిపోయాయి. చిక్కుడు, టమాట, వంగ విత్తనం నిలుపుకోవడం ఎవరికైనా సులభం. ఆనిగెపు, గుమ్మడి వంటివి పక్కింటి తీగతో కలిసిపోతాయి. అందుకని విచ్చబోయే పువ్వులను ముందురోజే దారంతో కట్టి, మరునాడు చేతితో పరాగం తాకించి, మళ్లీ కట్టివేయాలి. ఈ పని వరిచేలో ఎవరూ చేయరు, అంగడిలో జరగదు. పెరట్లోనే జరగాలి.

ఇంతా చదివి, "కోతుల మాటేమిటి?" అని మా జిల్లావారు తప్పక అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సిమెంటు కంటె కోతులే ఎక్కువ పెరళ్లను పాడుపెట్టినవి. పండని టమాటను కొరికి పారవేయడం చూస్తే ఎంతటి శాంతస్వభావికైనా కట్టె పట్టబుద్ధవుతుంది. 2020లో నిర్మల్ దగ్గర కోతులకు పునరావాస కేంద్రం తెరిచారు, సంతాననిరోధ చికిత్సలు చేసి విడిచిపెట్టడానికి. మా వీధి మంద మాత్రం యథాపూర్వం. మా ఇంట నేను గమనించినంత మేరకు కాకరను, పుంటికూరను, పసుపును, కందను అవి ముట్టవు. బీరకు వల కప్పాను. చిక్కుడులో వాటికొక వాటా పోతుంది. గునుగు జోలికి రావు.

నిరుటి గునుగు గింజలు ఒక సీసాలో మిగిలి ఉన్నవి. మృగశిర లోపల బాన్సువాడ మీదుగా పోయే మిత్రులకు కాగితం పొట్లం కట్టి ఇస్తాను. నాటు ముళ్లవంకాయ విత్తనం ఎవరి దగ్గరనైనా ఉంటే, వస్తూ నాలుగు గింజలు తెండి.