రాజీనామా కాగితముపై సంతకము చేయకముందు



గత నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక సహోదరుడు మాత్రము మందిరము ముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆయన భార్య కొంచెము ఎడముగా అరుగు మీద కూర్చుంది. మేము వెళ్లి పలుకరించగా, ఆయన చొక్కా జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితము తీసి మా చేతికిచ్చాడు. మిల్లు ఆఫీసులో గుమాస్తా ఇచ్చినదట. స్వంత కారణముల వలన ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నానని అందులో ముందుగానే టైపు చేసి ఉంది. పేరుకు, తేదీకి, సంతకమునకు మాత్రమే ఖాళీ విడిచారు.

ఈ సహోదరుడు జనపనార మిల్లులో 14 సంవత్సరములుగా పనిచేయుచున్నాడు. ఆర్డర్లు తగ్గినవని, కొంతమందిని తీసివేస్తారని రెండు నెలలుగా అక్కడ అందరూ చెప్పుకొనుచున్నారు. ఇంతలో విశాఖపట్నములో గోడౌనులో పనిచేసే బావమరిది కబురు పెట్టాడు. ఒకటవ తారీఖుకు వస్తే పని ఉన్నదట, తరువాత సంగతి చెప్పలేడట.

"అయ్యగారూ, పరిహారము డబ్బు కోసం కాచుకొని ఉండడం ఆశ అవుతుందాండి? విశ్వాసంతో మానేసి వెళ్లిపోమంటారా?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. అందుకు కారణమున్నది, సిగ్గుపడుచునే వ్రాయుచున్నాము. మేము సేవలో చేరిన తొలి సంవత్సరములలో వేరొక ఊరిలో, వేరొక కర్మాగారము నుండి ఒక పెద్దాయన ఇదే ప్రశ్నతో మా యొద్దకు వచ్చారు. మేము ఆయన తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి, "మానేయండి, ప్రభువే చూసుకుంటాడు" అని పంపివేశాము. ఆయన సంతకము చేశారు. కొన్ని నెలలకు, సంతకము చేయక మిగిలినవారిని యాజమాన్యము చట్ట ప్రకారము తొలగించి పరిహారము ఇచ్చినది. ఈయనకు రాలేదు. తానే మానుకొన్నట్లు తన చేతి వ్రాత ఉండెను గదా! ఆ సంవత్సరము వారి అమ్మాయి ఇంటర్మీడియట్ చదువు ఆగిపోయినది. ఆయన ఎన్నడూ మమ్మును ఒక మాట అనలేదు. ఆయన భార్య మాత్రము ఒకసారి అన్నది: "అయ్యగారూ, మీరు ప్రార్థన చేశారు గాని కాగితము చదవలేదండి."

ఆ మాట మాకు నేటికీ వినబడుచున్నది. గనుక ఈసారి కాగితము చదివాము.

మొదట ఆశ అన్న మాట సంగతి. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము తీసి చూడండి. ఆరు సంవత్సరములు పనిచేసిన దాసుని ఏడవ సంవత్సరమున విడిచిపెట్టునప్పుడు వట్టి చేతులతో పంపకూడదని, మందలోనుండియు కళ్లములోనుండియు ద్రాక్షగానుగలోనుండియు వానికి ధారాళముగా ఇయ్యవలెనని అక్కడ ఆజ్ఞ ఉన్నది. అది భిక్షము కాదు. పనిచేసి వెళ్లువానికి చెందవలసినదే. దానిని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

మన దేశములో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము ఈ విధముగానే ఏర్పాటు చేసినది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానములో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చినను ఈ సంగతి మారలేదు. కనీసము ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసిన కార్మికుని పని లేదని తొలగించవలెనంటే, ఒక నెల ముందు నోటీసు గాని ఆ నెల జీతము గాని ఇయ్యాలి. పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 రోజుల జీతము పరిహారముగా ఇయ్యాలి. కాని తనంతట తాను రాజీనామా చేసినవానికి ఈ రెండును లేవు. గ్రాట్యుటీ వేరు. అయిదు సంవత్సరములు నిండినవానికి, మానుకొన్నా తొలగించినా అది వస్తుంది. పి.ఎఫ్. కూడా అంతే. అనేకులు ఈ మూడింటిని కలిపివేసి, "గ్రాట్యుటీ ఎలాగూ వస్తుంది గదా" అని సంతకము పెట్టేస్తారు. పోయేది పరిహారము.

అరుగు మీదనే కూర్చుండి లెక్క వేశాము. ఆ సహోదరుని జీతము 13,000 రూపాయలు. గ్రాట్యుటీకి 26 రోజుల నెలగా లెక్కిస్తారు గనుక సంవత్సరమునకు 7,500 చొప్పున 14 సంవత్సరములకు 1,05,000. ఇది ఎటు తిరిగినా ఆయనదే. తొలగింపు పరిహారము సంవత్సరమునకు సగము నెల జీతము, అనగా 6,500 చొప్పున 91,000. నోటీసు నెల జీతము 13,000. ఇప్పుడు సంతకము చేస్తే 1,04,000 రూపాయలు వదులుకొన్నట్లే.

అప్పుడు ఆయన భార్య అరుగు మీదనుండి లేచి దగ్గరకు వచ్చి, "గోడౌనులో ఎంతిస్తాడో అది కూడా వెయ్యండి అయ్యగారూ" అన్నది. అక్కడ 14,000. గది అద్దె 4,000 పోగా మిగిలేది 10,000. ఇక్కడ ఉన్నది సొంత ఇల్లు. డ్వాక్రా కిస్తీ ఎక్కడున్నా కట్టవలసినదే. ఆ లెక్క మాకు తట్టలేదు, ఆమెకే తట్టినది. ఇటువంటి తీర్మానములు భార్యకు తెలియకుండా చేయు సహోదరులు మన సంఘములలో ఇంకను ఉన్నారు!

మరియొక సంగతి. ఒకే రకము పనివారిలో చివర చేరినవానిని మొదట తీసివేయవలెనన్నది సాధారణ నియమము. పద్నాలుగేండ్ల వాని పేరు అసలు జాబితాలో ఉండకపోవచ్చును.

అయితే కనిపెట్టుట అందరికీ లాభము కాదు. అదే మిల్లులో రెండేండ్ల క్రితము చేరిన కుర్రవాడు ఉన్నాడు. వానికి రాగల పరిహారము ఒక నెల జీతము, నోటీసుతో కలిపి రెండు నెలలది. చేతిలో మంచి పని ఉంటే వెళ్లిపోవుటే మేలని వానితో చెప్పాము. జీతములు నెలల తరబడి ఆగిపోయి, పి.ఎఫ్. కూడా జమ కాకపోతే ఆ యాజమాన్యము చేతిలో డబ్బు లేదనుకోవాలి. అక్కడ మీకు రావలసినది కాగితము మీదనే నిలిచిపోవచ్చును. పి.ఎఫ్. సంగతి పిల్లలచేత ఫోనులో ఉమంగ్ యాప్‌లో చూపించుకొనండి. కాంట్రాక్టరు క్రింద పనిచేయువారు, సూపర్‌వైజరుగా ఉండి 18,000 మించి జీతము తీసుకొనువారు తమకు ఏది వర్తించునో ముందు విచారించుకొనవలెను. స్వచ్ఛందముగా మానుకొంటే ఇంత ఇస్తామని యాజమాన్యము చెబితే ఆ మొత్తమును వ్రాతపూర్వకముగా తీసుకొని, చట్టము ఇచ్చుదానితో పోల్చి చూడండి. నోటి మాట నమ్మవద్దు. ఏ కాగితముపైనను ఇచ్చిన రోజుననే సంతకము చేయవద్దు. తొందరపెట్టేది ఎవరు, ఎందుకు అని అడగండి.

సహోదరుడు ఆ కాగితము మడిచి మరల జేబులో పెట్టుకొన్నాడు. బావమరిదికి ఆ సాయంత్రమే ఫోను చేసి, ఇప్పుడు రాలేనన్నాడు. ఆ పని వేరొకరికి వెళ్లినది. మిల్లులో జాబితా ఇంకా వేయలేదు, గుమాస్తా మాత్రము రెండుసార్లు అడిగాడట. ఆయనకు రాత్రులు నిద్ర సరిగా పట్టుట లేదని భార్య చెప్పినది. ఈ బుధవారము వారిద్దరు నియామకపు ఉత్తరువు, జీతపు చీటీలు తీసుకొని కార్మిక శాఖ కార్యాలయమునకు వెళ్లుచున్నారు. మేమును వెంట వెళ్లుచున్నాము.