కారు ఎవరు నడుపుతారో, ఎంపిక వాళ్లదే

కారు కొనేటప్పుడు ధర, మైలేజీ అందరూ చూస్తారు. రోజూ నడిపే ఇల్లాలికి అది హాయిగా ఉందా అని మాత్రం అడగరు. నడపడంలో ఆనందమంటే నా దృష్టిలో కాలికి తేలికైన క్లచ్, రోడ్డు బాగా కనిపించే సీటు, ఇరుకు సందులో సులువుగా తిరిగే స్టీరింగ్. సామాను ఎక్కువ ఉండే ఇంటికి 341 లీటర్ల డిక్కీ ఉన్న వ్యాగన్ఆర్ నయం. నడపడంలో హుషారు కావాలంటే స్విఫ్ట్. రెండూ నాలుగు మీటర్ల లోపువే కాబట్టి పార్కింగ్‌కి తిప్పలుండవు.

షోరూం ముందు ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్‌తో సరిపెట్టుకోకండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, సాయంత్రం హన్మకొండ చౌరస్తా రద్దీలో తిప్పండి. కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో ఆగి, మళ్లీ కదిలించి చూడండి. మోకాలు నొప్పి పుట్టకుండా దిగితే అది మన కారు. నడపాలంటేనే భయపెట్టే బండి ఎంత మైలేజీ ఇస్తే ఏం లాభం? అది ఇంటి ముందే ఉంటుంది, మనం ఆటో కోసం నిలబడతాం.