ముఖాముఖి సమావేశాల ఆవశ్యకత

సాఫ్ట్‌వేరు రచన ఏకాంతంలో సాగే పని అని మనలో చాలామంది అభిప్రాయం. ఒక గది, ఒక కంప్యూటరు ఉంటే చాలునని తలుస్తాము. పాఠాలు తెర మీదనే లభిస్తున్నవి. కృత్రిమ మేధ వచ్చిన తరువాత సందేహం అడిగిన మరుక్షణమే జవాబు వస్తున్నది. ఇట్టి కాలంలో పదిమంది బస్సులెక్కి వచ్చి ఒకచోట కూర్చుండవలసిన అవసరమేమున్నది? ఈ ప్రశ్న సహేతుకమైనదే. అయినప్పటికీ అవసరమున్నదనియే మా దృఢాభిప్రాయం.

1975 మార్చి 5వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మెన్లో పార్క్ పట్టణంలో, గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి కారుషెడ్డులో సుమారు ముప్పదిమంది ఔత్సాహికులు సమావేశమైనారు. ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరును గురించి తెలుసుకొనవలెనన్న కుతూహలమే వారిని అక్కడికి రప్పించినది. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ ఆ విధంగా పుట్టినది. ఆనాడు వచ్చినవారిలో స్టీవ్ వోజ్నియాక్ ఒకరు. ఆయన స్వభావతః బిడియస్తుడు. అక్కడ చేతికందిన ఒక మైక్రోప్రాసెసరు వివరపత్రం ఆయన ఆలోచనను మేల్కొలిపినది. తరువాత తాను రూపొందించిన యంత్రం పటాలను ఆ క్లబ్బు మిత్రులకే ఉచితంగా పంచిపెట్టినాడు. 1976లో వెలువడిన ఆపిల్-1 ఆ యంత్రమే.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, ఒకరి ముఖం ఒకరు చూడనివారి సహకారంతో పెరుగలేదా అని కొందరు ఆక్షేపించవచ్చును. నిజమే. దూరాన ఉండి గొప్ప పనులు చేయవచ్చును. కానీ 1993లో ఆరంభమైన డెబియన్ బృందాన్ని చూడండి. సభ్యులు అనేక దేశాలలో ఉన్నా, ఎదురెదురుగా కలుసుకొని, గుర్తింపు పత్రాలు పరిశీలించి, ఒకరి డిజిటల్ తాళాన్ని మరొకరు ధ్రువీకరించే ఆచారం వారిలో ఏర్పడినది. వారి వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో మన దేశంలోనే, కొచ్చిలో జరిగినది. దూరం నుండి పనిచేయడంలో ఆరితేరినవారే కలుసుకొనుటకు ఇంత శ్రమపడుతున్నారన్నమాట.

గజలును అచ్చులో చదువుకొనవచ్చును. అయినా ముషాయిరాకు ఎందుకు వెళ్తాము? షేరు ఎక్కడ నిలిచినదో, ఎక్కడ తేలిపోయినదో శ్రోతల ముఖాలలో కవికి అప్పటికప్పుడే తెలుస్తుంది. అవధానికైనా పృచ్ఛకులు ఎదుట ఉండవలసినదే. ప్రోగ్రాము వ్రాసేవారికీ అట్టి పరీక్ష మేలు చేస్తుంది. యంత్రం మనం అడిగినదానికి జవాబు చెప్పును, పక్కన కూర్చున్న మిత్రుడు “అసలు దీనిని ఇలా ఎందుకు వ్రాసినావు?” అని మనం అడగనిదానిని అడుగును.

మన కళాశాలకు ఈ విషయం మరింత ముఖ్యం. మనలో అనేకులు ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి వచ్చినవారు. ఇంగ్లీషులో ప్రశ్న వ్రాయుటకు జంకి, సందేహాన్ని మనసులోనే అణచుకొనేవారు ఎందరో. తమవలెనే చదివి ఉద్యోగంలో చేరిన ఒక పూర్వవిద్యార్థి ఎదుట నిలిచి తన పొరపాట్లను తమ భాషలో చెప్పితే వారికి కలిగే ధైర్యం ఏ తెరా ఇవ్వజాలదు. మరొక మాట. కుడి నుండి ఎడమకు నడిచే ఉర్దూ పంక్తిలో ఇంగ్లీషు మాట చేరితే, సరిగా వ్రాయని ప్రోగ్రాములో వరుస తారుమారగును. తెలుగులో వత్తులు విడిపోవును. ఆ లోపాన్ని ఉర్దూ విద్యార్థి, ఈ లోపాన్ని తెలుగు విద్యార్థి చూడగానే పట్టుకొంటారు. ఆ ఇద్దరూ ఒకే బల్ల వద్ద కూర్చుంటే రెండు భాషలకూ మేలు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. నెలకొక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటరు గది తెరిపించండి. దూరం నుండి వచ్చే విద్యార్థినులు చీకటి పడకముందే ఇల్లు చేరేటట్లు వేళ నిర్ణయించండి. తేనీటి ఖర్చు మేమే భరిస్తాము. విద్యార్థి మిత్రులారా! పూర్తయిన పని లేదని సంకోచించవద్దు. సగంలో ఆగిపోయినదానినే తీసుకొని రండి. కలిసి కూర్చొని చూద్దాము.