అమీర్‌పేటలో అన్నింటికీ బోర్డులే.. మందు మానాలంటే ఎక్కడికెళ్లాలి?

అమీర్‌పేట మెట్రో దిగితే చాలు.. జావా నుంచి డేటా సైన్స్ దాకా ఏ కోచింగ్‌కైనా గోడల నిండా బోర్డులే. పంజాగుట్ట వైపు వెళ్తే వైన్స్ కూడా వెతుక్కోనక్కర్లేదు. మందు మానేద్దామనుకున్నవాళ్లకు మాత్రం ఏ బోర్డూ కనిపించదు.

దానికి కారణం ఉంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, పేరులోనే అజ్ఞాతం ఉంది. సభ్యుల పేర్లు బయటపెట్టరు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరికే అర్హత. ఆఫీసులో తెలిస్తే ఎలా అని భయపడేవాళ్లకు ఈ గోప్యతే రక్ష. కొత్తగా రావాలనుకునేవాళ్లకు అదే అడ్డు! 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

మరి వెతకడమెలా? ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూడొచ్చు. చోటు, టైమ్ మారుతుంటాయి కాబట్టి ముందే ఫోన్ చేయాలి, తెలుగులో మాట్లాడతారా అనీ అడగాలి. 'ఓపెన్' మీటింగ్‌కు ఇంట్లోవాళ్లూ రావచ్చు. 'క్లోజ్డ్' మాత్రం తాగుడు మానాలనుకునేవాళ్లకే. కుటుంబాలకు అల్-అనాన్ బృందాలు వేరే ఉన్నాయి.

అయితే మీటింగ్‌లో వైద్యం చేయరు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. ముందు డాక్టర్‌ను కలవాల్సిందే. అమీర్‌పేట నుంచి మూడో మెట్రో స్టేషన్ ఎర్రగడ్డ, అక్కడే ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆ పేరు వింటేనే నవ్వే జనం ఉన్నారు, అందుకే వెనకాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఇంటి నుంచే 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్‌కు గానీ, టెలి మానస్ 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయొచ్చు.